లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా కాలువలో పడవ మీద, అమ్మానాన్నలతో వెళ్లడం కుదురుతుందా?

రెడింగ్_గోదారోడు:

అందరికీ నమస్కారం. వచ్చే జులైలో అమ్మ, నాన్నగారు రాజమండ్రి నుంచి వస్తున్నారు. మేం రెడింగ్‌లో, అక్కావాళ్ళు మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. అందరం కలిస్తే పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ఇద్దరు (9, 5 ఏళ్ళు). నాన్నగారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, సర్వీసంతా ధవళేశ్వరం చుట్టుపక్కల కాలువల మీదే గడిచింది. ఇక్కడి కాలువల్లో మనమే పడవ అద్దెకు తీసుకుని నడుపుకోవచ్చని, లైసెన్సు కూడా అక్కర్లేదని చెప్పినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ దాని గురించే అడుగుతున్నారు.

నా ప్లాన్ ఇది. గ్రాండ్ యూనియన్ కాలువ లండన్ నుంచి బర్మింగ్‌హామ్ దాకా 137 మైళ్ళు. రోజుకి 35 మైళ్ళ చొప్పున వేసుకుంటే నాలుగు రోజుల్లో చేరిపోతాం, అక్కడ పడవ అప్పజెప్పి ట్రైన్‌లో వచ్చేయొచ్చు. సెలవు పది రోజులుంది కాబట్టి మిగతా రోజులు వేల్స్ తిప్పుదామని. ఇది కుదురుతుందా? అమ్మకి నీళ్ళంటే భయం. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత పాపికొండల పేరెత్తితేనే వద్దంటుంది. మాలో ఈత వచ్చింది నాకు, బావకి మాత్రమే. ఇప్పటికే ఇలా వెళ్లినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

బ్రాన్‌స్టన్_కాలువగట్టు:

ముందు మైళ్ళ లెక్క పక్కన పెట్టండి. కాలువ ప్రయాణాన్ని గంటల్లో వేసుకోవాలి. ఇక్కడ స్పీడ్ లిమిట్ గంటకి 4 మైళ్ళు, మామూలుగా వచ్చేది 3. గట్టుకి కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి వెళ్ళేటప్పుడు అది కూడా తగ్గించాలి, లేకపోతే మన అల తగిలి వాళ్ళ తాళ్ళు, మేకులు లాగేస్తాయి. దానికి తోడు లాకులు, అంటే నీటి మట్టం మారే చోట పడవని ఎత్తే, దించే తలుపుల తొట్లు. ఒక్కో లాకుకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి ఇక్కడందరూ వేసుకునే లెక్క ఒకటుంది: మైళ్ళు, లాకులు కూడి మూడుతో భాగిస్తే గంటలొస్తాయి.

మీ దారిలో 137 మైళ్ళు, 166 లాకులు. కలిపితే 303, భాగిస్తే 101 గంటలు. రోజుకి ఏడు గంటలు నడిపినా రెండు వారాలు దాటుతుంది. ఏడు గంటలంటే పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి సాయంత్రం దాకా ఎవరో ఒకరు చుక్కాని పట్టుకుని నిలబడే ఉండాలి, సామాన్లు కొనుక్కోవడం, నీళ్ళు పట్టుకోవడం ఆ పైన. బర్మింగ్‌హామ్ చేరేలోపు హాటన్ దగ్గర వరసగా 21 లాకులొస్తాయి, అదొక్కటే సగం రోజు పని. గ్రాండ్ యూనియన్ లాకులు వెడల్పు లాకులు కూడా, తలుపులు చాలా బరువు.

ఇంకోటి, పడవ ఎక్కడ తీసుకుంటే అక్కడే తిరిగి అప్పజెప్పాలని దాదాపు అన్ని అద్దె కంపెనీలూ అంటాయి. ఒకవైపు మాత్రమే వెళ్ళే ప్రయాణం దొరకడం చాలా కష్టం. కాబట్టి మీకున్న దారులు రెండే, కొంత దూరం వెళ్ళి అదే దారిన వెనక్కి రావడం, లేదా మూడు నాలుగు కాలువలు కలిసి చుట్టు తిరిగే 'రింగ్' పట్టుకోవడం. రింగ్‌లో చూసిన చోటు మళ్ళీ చూడనక్కర్లేదు, నిజమే, కానీ మధ్యలో అలసిపోతే వెనక్కి తిరిగే వీలుండదు. సగం దాటాక ఎటు పోయినా అంతే దూరం.

అమ్మగారి భయం, ఐదేళ్ళ పాప, మొదటిసారి నడపడం ఇవన్నీ చూస్తే నేనైతే లాంగోలెన్ కాలువే చెబుతాను. ఎలాగూ వేల్స్ చూడాలనుకుంటున్నారు కదా, పడవలోనే వెళ్ళండి. ఎల్స్‌మియర్ దగ్గర పడవ తీసుకుంటే లాంగోలెన్ సుమారు 20 మైళ్ళు, మధ్యలో న్యూ మార్టన్ దగ్గర రెండే రెండు లాకులు. లెక్క ప్రకారం ఏడెనిమిది గంటలు, కానీ తొమ్మిది పది వేసుకోండి. ఎందుకంటే ఈ కాలువ డీ నది నుంచి నీళ్ళు తెచ్చి హర్లెస్టన్ రిజర్వాయర్‌కి ఇస్తుంది, అందుకే మిగతా కాలువల్లా నిలిచి ఉండదు, పారుతుంది. వెళ్ళేటప్పుడు ఎదురు ప్రవాహం. ఆఖర్లో లోతు తక్కువ, కొన్నిచోట్ల ఒక్క పడవ పట్టేంత వెడల్పే. ఒకరు దిగి ముందుకి నడిచి ఎదురు పడవ రావట్లేదని చూసి చెప్పాలి.

వారానికి తీసుకుంటే వెళ్ళడానికి రెండున్నర రోజులు, లాంగోలెన్‌లో ఒక రోజు పూర్తిగా ఆగడం, నిదానంగా తిరిగి రావడం. ఇంకా టైం మిగిలితే ఎల్స్‌మియర్‌కి అటు తూర్పున సరస్సుల పక్కనుంచి పోవచ్చు. ఫ్రాంక్టన్ దగ్గర మాంట్‌గోమరీ కాలువలోకి దిగాలనుకుంటే మాత్రం అక్కడి లాకులకి ముందుగా బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే తెరవరు.

స్టోక్_సీనయ్య:

పైన చెప్పిన లెక్క కరెక్టే, కానీ లాంగోలెన్ ఒక్కటే దారి అన్నట్టు చెప్పకండి. పది రోజులుంది, గట్టిగా పనిచేసే పెద్దవాళ్ళు నలుగురున్నారు, ఫోర్ కౌంటీస్ రింగ్ చూడండి. 110 మైళ్ళు, 94 లాకులు, లెక్క ప్రకారం 68 గంటలు. పది రాత్రులకి తీసుకుంటే రోజుకి ఏడు, ఏడున్నర గంటలు. ఇక్కడి లాకులు చాలావరకు ఇరుకువి, ఒక్క పడవకే సరిపోతాయి, తలుపులు ఒక మనిషి తోస్తే కదులుతాయి. ట్రెంట్ అండ్ మెర్సీ, స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్, ష్రాప్‌షైర్ యూనియన్, మిడిల్‌విచ్ బ్రాంచి, ఒక్క ప్రయాణంలో నాలుగు రకాల కాలువలు కనిపిస్తాయి. ఇరిగేషన్‌లో చేసిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి! పాత ఇంజనీర్లు కొండకి తగ్గట్టు వంపులు తిప్పిన కాలువకి, తర్వాతి తరం వాళ్ళు గుట్ట తవ్వి గట్టు పోసి తిన్నగా లాగిన కాలువకి తేడా ఎవరూ చెప్పకుండానే ఆయన గుర్తుపడతారు.

హేర్‌కాసిల్ టన్నెల్ 2,926 గజాలు, లోపల చీకట్లో నలభై నిమిషాల దాకా పడుతుంది. ఒకవైపు పడవలు అయ్యాక రెండోవైపు వదులుతారు. రెండు చివర్లా మనిషి ఉంటారు, లైటు, హారను చెక్ చేసి ఎలా వెళ్ళాలో చెప్పి పంపుతారు. చెమటలు పట్టించే చోటు వీలాక్ నుంచి కిడ్స్‌గ్రోవ్ ఎక్కడం, ఏడు మైళ్ళలో 26 లాకులు. ఒక రోజు పూర్తిగా దానికే వదిలేయాలి.

ఒక జాగ్రత్త. ఏ దారి అనుకున్నా బయల్దేరే ముందు ఈ కాలువల నిర్వహణ చూసే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వాళ్ళ సైట్లో మూసివేతల నోటీసులు చూడండి, ప్రయాణంలో కూడా రోజూ పొద్దున్నే చూడండి. 2018 మార్చిలో మిడిల్‌విచ్ బ్రాంచికి గండి పడింది, నెలల తరబడి రింగ్ రింగే తెగిపోయింది. 2025 వేసవిలో వానల్లేక రిజర్వాయర్లు అడుగంటి చాలా చోట్ల లాకులు మూసేశారు. జులై అంటే నీటి ఎద్దడి వచ్చే నెలే. బుక్ చేసేటప్పుడే అడగండి, కాలువ మూస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే దారిలో ఇంకో పడవ ఇస్తారా అని. డీజిల్ అద్దెలో కలిపి ఉందా, వాడిన గంటల మీద తర్వాత కట్టాలా అన్నది కూడా.

రెడింగ్_గోదారోడు:

101 గంటలు! నాన్నగారికి ఫోన్లో చెప్పాను, ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పూర్వం మన కాలువల్లో పడవలు గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతుంటే వెళ్ళేవి, లాకు దగ్గర వరస వస్తే గంటల తరబడి ఆగేవాళ్ళు అన్నారు. ఒక సందేహం అడగమన్నారు. ఇక్కడ లాకులు ఎవరు నడుపుతారు, లస్కర్లు ఉంటారా?

మా ఆవిడ సందేహం వేరే. పాప గంటలకొద్దీ ఒక్కచోట కూర్చోదు. పడవ అంచు మీద ఎలా ఆపాలి?

డాక్టరమ్మ_చెస్టర్:

లస్కర్లు ఉండరండీ, మనమే చెయ్యాలి. కొన్ని ముఖ్యమైన చోట్ల మాత్రం సీజన్లో లాకు కీపర్లు, వాలంటీర్లు ఉంటారు. మిగతా చోట్ల మీ చేతికి ఒక ఇనప హ్యాండిల్ ఇస్తారు, విండ్‌లాస్ అంటారు. దాన్ని తగిలించి తిప్పితే షట్టర్లు లేస్తాయి, లాకులోకి నీళ్ళు వస్తాయి లేదా బయటికి పోతాయి, రెండువైపులా మట్టం సమానమయ్యాక తలుపు తోస్తే కదులుతుంది. అంతకుముందు ఎంత తోసినా కదలదు, కదిలించాలని చూడకండి. మీ నాన్నగారికి ఇది కొత్త కాదు. కానీ వయసు చూసుకుని తలుపులు తోసే పని ఆయనకి ఇవ్వకండి, షట్టర్ల దగ్గర నిలబెట్టి చూడమనండి. హ్యాండిల్ తగిలించి వదిలేస్తే షట్టరు జారినప్పుడు అది గిర్రున తిరిగి మనిషిని కొడుతుంది, మణికట్లు విరిగిన కేసులున్నాయి. తిప్పాక తీసి చేత్తోనే పట్టుకోవాలి. ఇది ప్రతి ఒక్కరికీ చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యమైంది కిందికి దిగే లాకు. పై తలుపు కింద లోపలికి పొడుచుకొచ్చిన రాతి గడప ఉంటుంది, సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. గోడ మీద తెల్లగీత గీసి ఉంటుంది, పడవ వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. నీళ్ళు తగ్గుతుంటే వెనక భాగం ఆ గడప మీద కూర్చుండిపోయి, ముందు భాగం కిందికి పోయి, పడవ నిమిషాల్లో మునుగుతుంది. కాలువల మీద జరిగే పెద్ద ప్రమాదాల్లో ఇదొకటి. కాబట్టి లాకులో ఉన్నంతసేపు చుక్కాని దగ్గరున్న మనిషి ఫోన్ చూడకూడదు, వీడియో తీయకూడదు. షట్టర్ల దగ్గరున్న మనిషి పడవ మీదే కన్నేసి ఉంచాలి. ఏమాత్రం తేడా కనిపించినా ముందు కింది షట్టర్లు దించేసి నీళ్ళు పోవడం ఆపాలి, తర్వాత పై షట్టర్లు కొద్దికొద్దిగా ఎత్తి మళ్ళీ నింపాలి. ఈ వరస పిల్లలకి కూడా నేర్పండి.

పాప విషయం. పడవ బయట ఉన్నంతసేపు లైఫ్ జాకెట్ వేసి ఉంచండి, ఈత రాని పెద్దవాళ్ళకి కూడా. కంపెనీలే ఇస్తాయి, సైజు ముందే చెప్పాలి. కాలువలు చాలా చోట్ల నడుము లోతు ఉంటాయి, పడితే లేచి నిలబడొచ్చు. భయం నీళ్ళ లోతు గురించి కాదు, పడవ వెనక నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యాను గురించి. ఎవరైనా పడితే చుక్కాని దగ్గరున్న మనిషి మొదట చేయాల్సింది ఇంజను న్యూట్రల్ చేయడం, రివర్స్ వేయడం కాదు. రివర్స్ వేస్తే పడ్డ మనిషిని ఫ్యాను వైపు లాగుతుంది. ఇంకా, పడవ గోడకి తగలబోతుంటే కాలుతోనో చేత్తోనో ఆపాలని చూస్తారు మనవాళ్ళు. అరవై అడుగుల ఇనప పడవ, బస్సున్నర పొడవు, టన్నుల బరువు. కాలు మధ్యలో పడితే నలిగిపోతుంది. తగిలితే తగలనివ్వండి, దానికేం కాదు.

మీ సీనయ్యగారి రింగ్ మంచిదే కానీ 94 లాకులంటే 94 సార్లు పాప గట్టు మీద, తెరిచిన గుంట పక్కన. మీ నలుగురూ పనిలో ఉంటే పాప మీ అమ్మగారి చేతిలోనే ఉంటుంది. అందుకే నా ఓటు లాంగోలెన్‌కి.

స్టోక్_సీనయ్య:

డాక్టరమ్మగారూ, పాప సంగతి నేను ఆలోచించలేదు, ఆ మాట నిజం. ఐదేళ్ళ పిల్ల ఉన్నప్పుడు రెండు లాకుల దారే సరి. రింగ్ పిల్లలు పెద్దయ్యాక చేయండి.

థేమ్స్_తీరం:

రెడింగ్‌లో ఉండి థేమ్స్ అడగలేదేంటి అన్నా? లాకుల భయమే అయితే అక్కడ సీజన్లో పగటిపూట కీపర్లే తెరుస్తారు, ముసలివాళ్ళకి సుఖం. ఇంజను ఆపి ముందూ వెనకా తాళ్ళు పట్టుకుని నిలబడితే చాలు. ఆక్స్‌ఫర్డ్ దాటి లెచ్‌లేడ్ వైపు పోతే ఊళ్ళు తగ్గి పొలాలే పొలాలు.

కానీ నది నదే, కాలువ కాలువే. పైన వాన పడితే ప్రవాహం పెరుగుతుంది, లాకుల దగ్గర పసుపు బోర్డులు, ఆ తర్వాత ఎర్ర బోర్డులు పెడతారు. ఎర్రది ఉంటే ఇంజను పడవ కదపొద్దని, కట్టేసి ఆగిపోవాలి. అద్దె గడువు అయిపోతోందని బయల్దేరకూడదు. జులైలో ఎర్ర బోర్డులు అరుదే, అయినా లోతు ఎక్కువ, పడితే నిలబడలేరు, మీలో ఈత వచ్చినవాళ్ళు ఇద్దరే అంటున్నారు. నాకు థేమ్స్ అంటే ప్రాణం, కానీ మీ ఇంటివాళ్ళ మొదటి ప్రయాణానికి కాలువే చెబుతా.

వంటింటి_పడవ:

తిండి, నీళ్ళు, టాయిలెట్ గురించి ఎవరూ చెప్పలేదు, ఎనిమిది మందికి అసలు ప్లానింగ్ అక్కడే ఉంది. నీళ్ళ ట్యాంకు ఎనిమిది మంది స్నానాలు చేస్తే రోజుకోసారి నింపాల్సి వస్తుంది. మ్యాపులో నీటి పాయింట్లు గుర్తు పెట్టి ఉంటాయి, పైపు తగిలించి అరగంట ముప్పావుగంట ఆగాలి, దాన్ని కూడా మీ గంటల్లో కలపండి. మధ్యాహ్నం వంట టైంకి నీటి పాయింటు దగ్గర ఉండేలా చూసుకుంటే రెండు పనులూ అవుతాయి. టాయిలెట్ ఏ రకమో బుక్ చేసేటప్పుడే అడగండి. పెద్ద ట్యాంకు ఉన్నదైతే పంపుతో తీయించాలి, వారం ప్రయాణంలో ఎనిమిది మందికి మధ్యలో ఒకసారి అవసరం పడొచ్చు. క్యాసెట్టు రకమైతే మనమే తీసుకెళ్ళి నిర్ణీత చోట పారబోయాలి. అమ్మానాన్నలు ఉన్నప్పుడు రెండు టాయిలెట్లు ఉన్న పడవే తీసుకోండి, అద్దె కొంచెం ఎక్కువైనా పర్వాలేదు.

గ్యాస్ స్టవ్ మామూలుగా నాలుగు బర్నర్లు ఉంటుంది, కుక్కర్ పెట్టుకోవచ్చు. పోపు వేసేటప్పుడు ఆ సన్నటి పడవంతా ఘాటు నిండిపోతుంది, కిటికీలు, ముందు తలుపు తీసి పెట్టండి. చలి అనిపించినా గాలి రంధ్రాలకి గుడ్డలు కుక్కకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంటుంది, ఎక్కగానే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. మిక్సీ తీసుకెళ్ళాలంటే పడవలో ఇన్వర్టర్ ఎన్ని వాట్లదో అడగండి, చాలావాటి మీద నడవదు. దోసెల పిండి రుబ్బి తెచ్చుకోవడం, పొడులు, పచ్చళ్ళు, చింతపండు గుజ్జు డబ్బాల్లో పెట్టుకోవడమే సుఖం. ఫ్రిజ్ చిన్నది, ఎనిమిది మంది పెరుగు, పాలకే నిండిపోతుంది. ఎల్స్‌మియర్‌లో కాలువ పాయ చివరే పెద్ద సూపర్ మార్కెట్ ఉంది, బియ్యం, కూరలు అక్కడే కొనొచ్చు.

రాత్రి ఎక్కడ ఆగాలా అని టెన్షన్ అక్కర్లేదు. బోర్డు పెట్టి వద్దన్న చోట్లు తప్ప నడకదారి వైపు గట్టుకి మేకులు కొట్టి కట్టేసుకోవచ్చు, మామూలుగా డబ్బు కట్టక్కర్లేదు. వంతెన కింద, మలుపులో, లాకు దగ్గర కట్టకండి. వేసవి సెలవుల్లో లాంగోలెన్ రద్దీ, సాయంత్రం నాలుగింటికే చోటు చూసుకోవాలి. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజను ఆపేయాలి, ఫోన్ల ఛార్జింగ్, స్నానాల వేడినీళ్ళు ఆలోపే చూసుకోండి.

రెడింగ్_గోదారోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఎల్స్‌మియర్ నుంచి లాంగోలెన్, వారం రోజులు, రెండు టాయిలెట్ల పడవ. మిగతా మూడు రోజులు ఇంటి దగ్గరే. బావ, నేను చుక్కాని దగ్గర వంతులు మార్చుకుంటాం, అక్క, మా ఆవిడ లాకుల దగ్గర. నాన్నగారు మ్యాపు తనకి కావాలన్నారు, ఏ రోజు ఎన్ని గంటలో ఆయనే వేస్తారట.

ఒక్కటి మిగిలింది. దారిలో పాంట్‌కసుల్టె అక్విడెక్టు వీడియో చూసి అమ్మ మళ్ళీ వెనక్కి తగ్గింది. పి.గన్నవరం అక్విడెక్టు లాంటిదే, కాలువ నది పైనుంచి పోతుంది అంతే అని నాన్నగారు ఎంత చెప్పినా వినట్లేదు. అది దాటకుండా లాంగోలెన్ పోయే దారి ఉందా?

బ్రాన్‌స్టన్_కాలువగట్టు:

పడవకి వేరే దారి లేదండీ. 1805లో టెల్‌ఫర్డ్, జెస్సప్ కట్టింది, 307 మీటర్ల పొడవు, డీ నది మీద 38 మీటర్ల ఎత్తు. పోత ఇనుము తొట్టిలో నీళ్ళు, అందులో మన పడవ. నడకదారి వైపు రెయిలింగ్ ఉంది, రెండోవైపు ఏమీ లేదు, పడవలోంచి చూస్తే తొట్టి అంచు దాటగానే లోయే. మీ అమ్మగారు భయపడడంలో తప్పేం లేదు, చాలామంది భయపడతారు. ఆ ఖాళీ వైపు పిల్లల్ని బయట నిలబెట్టకండి, పది నిమిషాల పాటు అందరూ లోపలే, చుక్కాని పట్టిన మనిషి తప్ప.

అమ్మగారికి రెండు దారులున్నాయి. ఒకటి, పడవలోపల నడకదారి వైపు కూర్చుని అటు కిటికీ మాత్రమే చూడడం. తొట్టి ఇరుకు కాబట్టి పడవ ఎటూ తిరగదు, ఊగదు. ఇది ఆవిడకి ముందే చెప్పండి. రెండోది, ఇటువైపు వ్రాన్‌కసుల్టె దగ్గర దిగిపోయి కారులో కింది రోడ్డు మీదుగా నది దాటి ట్రెవర్ దగ్గర ఎక్కడం. మీలో ఎవరైనా ఒక కారు ముందే అక్కడ పెట్టి రావాలి, లేదా టాక్సీ. కొద్ది దూరమే. అటునుంచి పడవ వస్తోందేమో చూసి, ఖాళీ అయ్యాకే మీరు ఎక్కండి, మధ్యలో రెండు పడవలు పట్టవు. దాటగానే ట్రెవర్ దగ్గర ఎడమకి గట్టి మలుపు ఉంటుంది, అక్కడ స్పీడ్ బాగా తగ్గించాలి.